సముద్రంలోకి సూర్యుడు దిగే ఫ్లాట్ల హోర్డింగ్: ఈ బొమ్మ మనల్ని ఎలా ఒప్పిస్తోంది?

కొమ్మాది_కాఫీ
విశాఖలో మధురవాడ దాటాక హైవే పక్కన కొత్త అపార్ట్‌మెంట్ హోర్డింగ్ ఒకటి లేచింది. బాల్కనీలో తల్లి, తండ్రి, పాప. తల్లి చేతిలో ఇత్తడి డబరా గ్లాసు. ఎదురుగా సముద్రం, అందులోకి దిగుతున్న ఎర్రటి సూర్యుడు. కింద "మీ సాయంత్రాలు ఇక ఇలా" అని ఒక్క ముక్క. ధర లేదు, ఎన్ని చదరపు అడుగులో లేదు. ఇంట్లో అందరికీ తెగ నచ్చేసి, సైటు చూడకుండానే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేద్దాం అంటున్నారు. ఇదిగో ఇక్కడ అబద్ధం ఉంది అని చూపించడానికి నాకు మాట దొరకడం లేదు. కానీ బొమ్మ లాగేస్తోందని మాత్రం తెలుస్తోంది. యాడ్ ఫీల్డ్ వాళ్లు, బొమ్మల గురించి చదివినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

రుషికొండ_గాలి
ముందు దిక్కు చూడండి. మనకి సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు ఉంది. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అందులోకి దిగడు. కొమ్మాదిలో నిలబడితే డిసెంబరులో సింహాచలం కొండల వైపు అస్తమిస్తాడు, జూన్‌కి ఇంకా ఉత్తరంగా జరుగుతాడు. ఏ నెలలోనూ ఆ బాల్కనీ ఎదుట సముద్రంలో మునగడు. అది పడమటి తీరంలో ఎక్కడో తీసిన ఫొటో, తెచ్చి అతికించారు.

జగదాంబ_జంక్షన్
సూర్యోదయం అయ్యుండొచ్చు కదా? ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి.

రుషికొండ_గాలి
కింద "సాయంత్రాలు" అని రాశారుగా.

బొమ్మలమాస్టారు
జగదాంబ గారి ప్రశ్న మంచిది, దాన్ని వదలొద్దు. ఒట్టి బొమ్మ అయితే ఉదయమూ కావచ్చు, సాయంత్రమూ కావచ్చు. రాతే దానికి ఒక అర్థం ఖాయం చేసింది. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో పంజానీ అనే పాస్తా కంపెనీ యాడ్‌ను తీసుకుని ఇదే పని చేసి చూపించాడు. వల సంచీలోంచి జారుతున్న టమాటాలు, మిరపకాయలు, పాస్తా పొట్లాలు, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులు. ఎక్కడా "ఇప్పుడే సంత నుంచి తెచ్చాం" అని రాయలేదు. చూసేవాడు తనే ఆ మాట అనుకుంటాడు. సంచీ, కూరగాయలు, రంగులు కలిసి ఆ మాట అనిపిస్తాయి. రాత చేసే పని ఏమిటంటే, బొమ్మకి ఉండగల పది అర్థాల్లో తొమ్మిదింటిని ఆపేసి ఒకదాన్నే నిలబెట్టడం. దాన్ని లంగరు వెయ్యడం అన్నాడాయన.

రాతకి ఇంకో వాడుక కూడా ఉంది. 1966లో మొదలైన అమూల్ పాప హోర్డింగులు చూడండి. అక్కడ బొమ్మ సగం చెబుతుంది, రాత మిగతా సగం చెబుతుంది. ఏ ఒక్కటి తీసేసినా జోకు పేలదు. మీ కొమ్మాది హోర్డింగ్‌లో రాత అలాంటిది కాదు, అర్థాన్ని కట్టేసే రకం.

ఇప్పుడు మీ బొమ్మ మీద పని. కాగితం తీసుకోండి.

మొదట కనిపించేవి మాత్రమే రాయండి. "సుఖమైన కుటుంబం" అని రాయకూడదు. "ముగ్గురు మనుషులు, ఇద్దరు నవ్వుతున్నారు, ముగ్గురూ సముద్రం వైపు తిరిగి ఉన్నారు" అని రాయాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు, చూసినదాన్నీ అనుకున్నదాన్నీ ఒకే వాక్యంలో కలిపేస్తారు.

తర్వాత ఒక్కో వస్తువునూ మార్చి చూడండి. ఇత్తడి డబరా గ్లాసు తీసేసి పేపర్ కప్పు పెట్టండి, పద్ధతిగల ఇల్లు కాస్తా ఆఫీసు క్యాంటీన్ అయిపోతుంది. పాపను తీసెయ్యండి, కొత్తగా పెళ్లయినవాళ్ల ఫ్లాట్ అవుతుంది, స్కూలు దగ్గరేనా అన్న ఆలోచనే రాదు. పూలకుండీ తీసెయ్యండి, ఏమీ మారలేదు కదా, అంటే అది ఊరికే పెట్టింది. దేన్ని మారిస్తే అర్థం మారిపోతుందో అదే మిమ్మల్ని ఒప్పిస్తున్న వస్తువు.

ఆఖరున బొమ్మను వాక్యంగా మార్చండి: "ఈ భవనంలో ఏ ఫ్లాట్ కొన్నా, బాల్కనీలోంచి అడ్డం లేకుండా సముద్రం కనిపిస్తుంది." ఈ వాక్యాన్ని బిల్డర్ ఎక్కడా రాయలేదు. మీ మనసులో మీరే రాసుకున్నారు. అందుకే మీకు అబద్ధం పట్టడానికి మాట దొరకలేదు.

కొమ్మాది_కాఫీ
ఆ ఆఖరు వాక్యం ఇంట్లో చదివి వినిపించాను. "అంటే మొదటి అంతస్తు కొన్నా కనిపిస్తుందా?" అని వెంటనే అడిగారు. బొమ్మ చూసినంతసేపూ ఎవరికీ రాని ప్రశ్న అది.

లెన్స్_లోంచి
మాస్టారు చెప్పింది అర్థం సంగతి. కొలతలతో పట్టుకునే సంగతులు నేను చెబుతాను. హోర్డింగ్‌ని ఎదురుగా నిలబడి ఫొటో తీసి, ఫోన్లోనే గీతలు గియ్యండి.

సముద్రం, ఆకాశం కలిసే గీతే క్షితిజరేఖ. అది ఎప్పుడూ కెమెరా ఉన్న ఎత్తులోనే పడుతుంది. ఆ గీత దాటి పైకి లేచిన భవనం కెమెరా కన్నా ఎత్తైనది. గీత కిందే ఉండిపోయినవన్నీ కెమెరా కన్నా పొట్టివి. బ్రోచర్లో "బాల్కనీ వ్యూ" అని వేసిన ఫొటోలో చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నీ గీత కింద ఉన్నాయంటే ఆ కెమెరా బాల్కనీలో లేదు, డ్రోన్ మీద ఉంది. డ్రోన్ 120 మీటర్ల దాకా ఎగురుతుంది, అంటే దాదాపు 400 అడుగులు. అయిదో అంతస్తులో నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి 55 అడుగుల దగ్గర ఉంటుంది. ఆ రెండు ఎత్తుల మధ్య ఉన్న ప్రతి భవనమూ మీకు అడ్డమే.

అతికించారో లేదో తేల్చడానికి: బాల్కనీ రెయిలింగ్ పైగీత, స్లాబు అంచు, తలుపు పైఅంచు, ఇలా లోపలికి పోయే గీతలను పొడిగించండి. సమతలంగా ఉండి ఒకే దిక్కుకి పోయే గీతలన్నీ క్షితిజరేఖ మీద ఒక చోట కలవాలి. అవి కలిసేది ఒక ఎత్తులో, సముద్రం గీత ఇంకో ఎత్తులో ఉంటే, బాల్కనీ కంప్యూటర్లో గీసింది, సముద్రం ఇంకెక్కడిదో.

వెలుగు కూడా చూడండి. సూర్యుడు వాళ్ల ఎదురుగా, సముద్రం మీద ఉన్నాడు. మనం వాళ్ల వెనక ఉన్నాం. అప్పుడు మన వైపు ఉన్న బుగ్గలు, భుజాలు నీడలో ఉండాలి, నీడలు మన వైపు పడాలి. మీ హోర్డింగ్‌లో మొహాలు తెల్లగా మెరుస్తున్నాయా?

కొమ్మాది_కాఫీ
మెరుస్తున్నాయి. నీడలు ఎడమ పక్కకి పడ్డాయి.

లెన్స్_లోంచి
అయితే రెండో దీపం కుడి పక్క ఉంది. మనుషులను స్టూడియోలో తీశారు.

మువ్వలవానిపాలెం
అన్నీ తెలుసుకుని ఏం చేస్తారండీ, కింద "ఊహాచిత్రం మాత్రమే" అని రాసేస్తారు. రాశాక మోసం ఎలా అవుతుంది? కొనేవాడికీ కళ్లుండాలి కదా.

గాజువాక_ఫ్లెక్స్
@మువ్వలవానిపాలెం, ఆ అక్షరం ఎంతుంటుందో తెలుసా? మా పనిలో ఒక లెక్క ఉంది: అంగుళం ఎత్తు అక్షరం సుఖంగా చదవాలంటే 10 అడుగుల దూరం. 40 బై 20 అడుగుల హోర్డింగ్ మీద హెడ్డింగ్ రెండు, మూడు అడుగుల అక్షరంతో వేస్తాం, మూడు వందల అడుగుల నుంచి చదువుతారు. "ఊహాచిత్రం" అన్నది రెండంగుళాలు వెయ్యమంటారు. అంటే 20 అడుగుల దగ్గరికి రావాలి. హోర్డింగే నేల నుంచి 30 అడుగుల ఎత్తున ఉంటే దాని కిందకి వచ్చి నిలబడ్డా అందదు.

టైమ్ లెక్క కూడా వేసుకోండి. బండి గంటకి 60 కిలోమీటర్ల మీద పోతుంటే సెకనుకి 16, 17 మీటర్లు. వంద మీటర్ల నుంచి కనిపించినా ఆరు సెకన్లే. ఆరు సెకన్లలో మొహాలు, సూర్యుడు, ఓ నాలుగు మాటలు, అంతే. అందుకే హోర్డింగ్‌కి ఆరేడు మాటలు మించొద్దని డిజైనర్లకి చెబుతాం.

అద్దె_ఇల్లు_సిరిపురం
పైగా హెడ్డింగ్ తెలుగులో, ఊహాచిత్రం అన్నది ఇంగ్లిష్‌లో ఉంటుంది.

చట్టం_చెప్పేది
సిరిపురం గారు పట్టుకున్నది అసలైన పాయింట్. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఉంది. ప్రకటన ఏ భాషలో ఉంటే గమనిక అదే భాషలో ఉండాలి, అదే ఫాంటు వాడాలి. తప్పుదారి పట్టించే మాటని సరిదిద్దడానికి గమనికను వాడకూడదు. అంటే పైన సముద్రం చూపించి కింద "సముద్రం ఉండకపోవచ్చు" అని రాసి తప్పించుకోలేరు. 2019 వినియోగదారుల చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఫిర్యాదుకి జాతీయ హెల్ప్‌లైన్ 1915.

మువ్వలవానిపాలెం
చట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ బొమ్మ అన్నాక కొంత పెంచి చూపించడం ఉంటుంది. దేవుడి పటం దగ్గర్నుంచీ ఉన్నదే. అన్నిటినీ ఇలా కోసి చూస్తే బొమ్మలో ఏం మిగులుతుంది?

తొట్లకొండ_మెట్లు
కోసి చూస్తేనే ఎక్కువ మిగులుతుంది. చెన్నై మ్యూజియంలో అమరావతి శిల్పం ఒకటి ఉంది, నలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసుకున్న కథ, గుండ్రటి పలకలో చెక్కింది. ఒకే ఫ్రేములో అదే ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒకచోట వీధిలో జనాన్ని చెదరగొడుతూ, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లి. మధ్యలో ఏం జరిగిందో శిల్పి చెక్కలేదు. ఆ ఖాళీని చూసేవాడే "బుద్ధుడి కరుణ వల్ల" అని పూరించుకుంటాడు. మేడల కిటికీల్లోంచి తొంగిచూసే మొహాలు కూడా చెక్కాడు. ఇలా చూడాలి, ఇలా ఆశ్చర్యపోవాలి అని మనకి నేర్పేది వాళ్లే.

బట్టతల మందు యాడ్‌లో "ముందు, తరవాత" అని రెండు ఫొటోలు పక్కపక్కన పెడతారే, ఆ అమరికే ఇది. రెండు స్థితులు చూపించి కారణం మనతో చెప్పిస్తారు. మువ్వలవానిపాలెం గారూ, తేడా పెంచి చూపించడంలో లేదు. శిల్పి మీ జేబులోంచి అడ్వాన్స్ అడగలేదు, అక్కడుంది.

లెన్స్_లోంచి
ముందు-తరవాత ఫొటోలను ఎలా పరీక్షించాలో కూడా రాసేస్తాను. "ముందు" ఫొటోకి వెలుగు నెత్తి మీద నుంచి పడుతుంది, కళ్ల కింద నల్లటి గుంటలు, ముక్కు కింద పొడుగు నీడ. "తరవాత"కి ఎదుట నుంచి మెత్తటి వెలుగు, గడ్డం కాస్త పైకి, చిన్న నవ్వు. నల్లగుడ్డులో పడే తెల్ల చుక్క చూడండి. ఒకదాంట్లో చిన్న చుక్క, రెండోదాంట్లో పెద్ద పలక ఆకారం ఉంటే దీపమే మారింది, చర్మం సంగతి దాని తర్వాత. జుట్టు మందుల్లో అయితే తడి జుట్టు "ముందు", ఆరిన జుట్టు "తరవాత". తడిస్తే పాయలు కట్టి మాడు బయటపడుతుంది, ఆరితే కప్పేస్తుంది.

గీతారంగు
రంగుల గురించి ఎవరూ మాట్లాడలేదేం? ఎరుపు ఆకలి పుట్టిస్తుంది, నీలం నమ్మకం కలిగిస్తుంది అంటారు. ఆ హోర్డింగ్‌లో నారింజ రంగు వాడింది వెచ్చదనం కోసమేనా? ఇంకో మాట, సినిమా మధ్యలో కంటికి అందనంత వేగంగా "పాప్‌కార్న్ తినండి" అని వేస్తే అమ్మకాలు పెరిగాయని చదివాను. బొమ్మల్లో అలాంటివి కూడా దాస్తారా?

బొమ్మలమాస్టారు
పాప్‌కార్న్ కథ 1957 నాటిది, జేమ్స్ వికారీ అనే అమెరికా వ్యాపారి చెప్పింది. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆయనే అది ప్రచారం కోసం చేసిన పని అని ఒప్పేసుకున్నాడు. దాచిపెట్టినవాటి కోసం వెతక్కండి. మిమ్మల్ని ఒప్పించేవన్నీ బయటే, కళ్లెదుటే ఉంటాయి.

రంగు ఒంటరిగా ఏమీ చెప్పదు. అదే ఎరుపు పెళ్లి కార్డు మీద శుభం, కరెంటు స్తంభం మీద ప్రమాదం. పక్కన ఏముంది, ఎవరు చూస్తున్నారు అన్నదాన్ని బట్టి దాని అర్థం. పసుపు-ఎరుపు జోడీ మన దగ్గర పసుపు కుంకుమల వల్ల పనిచేస్తుంది, అది తెలియని దేశంలో ఆ పని చెయ్యదు. ఎరుపు అంటే ఆకలి అని పట్టిక వేసి అమ్మేవాళ్లను నమ్మకండి.

గాజువాక_ఫ్లెక్స్
మాస్టారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. టిఫిన్ సెంటర్ బోర్డుకి నీలం గ్రౌండ్ వేస్తే ఇడ్లీ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. అది అలవాటు వల్ల కాదు. తెల్ల ఇడ్లీ మీద నీలం ఛాయ పడి పాతబడ్డట్టు ఉంటుంది. పైగా కంప్యూటర్లో ముచ్చటగా ఉన్న నీలం ఫ్లెక్స్ మీద ఊదాకి తిరుగుతుంది. సిరాల్లో మెజెంటాని (గులాబీ) సయాన్ (లేత నీలం) కన్నా కనీసం 30 శాతం తగ్గిస్తే గానీ నీలంగా రాదు. ఆ సాయంత్రం ఆకాశం నారింజ ఎందుకంటే అర్థం కోసం ఒకటి, పసుపు మెజెంటా కలిపితే నిక్కచ్చిగా వస్తుంది, అదొకటి.

బొమ్మలమాస్టారు
ఇడ్లీ సంగతి ఒప్పుకున్నాను. తిండి మీద రంగుకి అలవాటుతో సంబంధం లేని పట్టు కొంత ఉంది. "నీలం అంటే నమ్మకం" లాంటివాటికి మాత్రం ఒప్పుకోను.

అద్దె_ఇల్లు_సిరిపురం
ఆ ముగ్గురూ మన వైపు చూడకుండా సముద్రం వైపే ఎందుకు చూస్తున్నారు? నగల యాడ్లలో పెళ్లికూతురు కూడా కళ్లు దించుకునే ఉంటుంది.

బొమ్మలమాస్టారు
మొహం మన కళ్లలోకి చూస్తే అది అడగడం: "నువ్వూ రా, వెయ్యి, కొను." ఎన్నికల ఫ్లెక్స్ మీద నాయకుడు నేరుగా మనల్నే చూస్తాడు, చెయ్యి జోడించి. చూపు పక్కకి ఉంటే మనం గమనించే మనుషులం అయిపోతాం, ఎవరూ అడిగినట్టు ఉండదు. ఇంకో సంగతి, మనిషి ఎటు చూస్తే మన కన్ను అటే పోతుంది. పెళ్లికూతురు కళ్లు దించితే మన చూపు హారం మీద దిగుతుంది. మీ హోర్డింగ్‌లో ముగ్గురి వీపులూ మన వైపు, మొహాలు ఓ పక్క నుంచే కనిపిస్తాయి, చూపులు సముద్రం మీద. వాళ్ల భుజాల మీదుగా చూస్తున్నాం కాబట్టి మనం ఇప్పటికే ఆ బాల్కనీలో నిలబడి ఉన్నాం. ఇంటి లోపలే ఉన్నాం కాబట్టి బయట నుంచి భవనం ఎలా ఉందో అడగం.

జగదాంబ_జంక్షన్
ఎన్నికల ఫ్లెక్స్ అన్నారు కాబట్టి: పెద్ద నాయకుడు నిలువెత్తు, జిల్లా నాయకుడు నడుము దాకా, వార్డు వాళ్లు కింద వరసగా గుండ్రాల్లో. మీసం ఒక్క అంగుళం తగ్గినా ఫ్లెక్స్ వెనక్కి పంపేస్తారని మా దగ్గర జోకు.

తొట్లకొండ_మెట్లు
పాత శిల్పాల్లోనూ అంతే, రాజు పెద్దగా, పరివారం చిన్నగా. దూరం వల్ల చిన్నగా కనిపించడం కాదది, హోదా వల్ల.

గీతారంగు
సిగరెట్ పెట్టె మీద భయంకరమైన బొమ్మ వేస్తారు కదా, 2016 నుంచి రెండు వైపులా 85 శాతం. అదీ ఒప్పించే బొమ్మే. కానీ చూసీ చూసీ అలవాటైపోయిందంటారు.

బొమ్మలమాస్టారు
భయం ఒక్కటే చూపిస్తే మనిషి మొహం తిప్పుకుంటాడు. పక్కనే దారి చూపించాలి. 2018 నుంచి పెట్టె మీద మానేయడానికి సాయం చేసే ఫోన్ నంబరు వేయిస్తున్నది అందుకే. ఒకే బొమ్మ ఏళ్ల తరబడి ఉంటే కన్ను దాన్ని వదిలేస్తుంది కాబట్టి బొమ్మలు కూడా మారుస్తుంటారు.

కొమ్మాది_కాఫీ
నిన్న సేల్స్ ఆఫీసుకి వెళ్తే బ్రోచర్ ఇచ్చారు. హాలు బొమ్మ చాలా పెద్దగా ఉంది, ప్లాన్ కాగితంలో మాత్రం 11 బై 14 అని ఉంది. ఏది నమ్మాలి?

లెన్స్_లోంచి
ప్లాన్ నమ్మండి, బొమ్మను కొలవండి. నేల మీద టైల్స్ లెక్కపెట్టండి. మామూలుగా వేసేది 600 బై 600 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు. 11 అడుగుల వైపు అయిదున్నర టైల్స్ పట్టాలి. బొమ్మలో ఎనిమిది ఉంటే అది 16 అడుగుల గది. తలుపు ఏడడుగులు, దాని పక్కన సోఫా వీపు రెండున్నర, మూడు అడుగులు రావాలి. దానికన్నా బాగా పొట్టిగా ఉంటే సోఫాని కుదించి పెట్టారు. టైల్ సరిగ్గానే ఉండి కూడా గది పెద్దగా కనిపిస్తే అది వైడ్ లెన్స్: 16, 18 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎదుటి గోడ దూరం జరిగిపోతుంది, దగ్గరున్న కుర్చీ మూల సాగినట్టు ఉంటుంది. ఆ సాగిన మూల కోసం వెతకండి. సముద్రానికి దీనికి తిరగేసి చేస్తారు. 200 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి తీస్తే కిలోమీటర్ల అవతల ఉన్న నీళ్లు కాంపౌండ్ గోడకి ఆనుకున్నట్టు వస్తాయి.

రుషికొండ_గాలి
బ్రోచర్లో మ్యాప్ ఉంటే అదీ చూడండి. వంకర రోడ్లు తిన్నగా గీస్తారు, మధ్యలో కొండ ఎగిరిపోతుంది. "బీచ్‌కి 5 నిమిషాలు" అంటే సాయంత్రం ఆరింటికి హనుమంతవాక నుంచి బయల్దేరి చూడమనండి.

చట్టం_చెప్పేది
@కొమ్మాది_కాఫీ, మాస్టారు చెప్పిన వాక్యం ఇక్కడ పనికొస్తుంది. "ఫలానా అంతస్తు ఫలానా ఫ్లాట్ బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది, బాల్కనీ ఫలానా దిక్కుకి ఉంది" అని మెయిల్‌లో రాసి, ఇది నిజమేనా అని అడగండి. జవాబు రాతలో రావాలి, ఫోన్లో వద్దు. 2016 రెరా చట్టం (ఇళ్లు, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించేది) 12వ సెక్షన్ ప్రకారం ప్రకటన, బ్రోచర్, మోడల్ ఫ్లాట్ చూసి డబ్బు కట్టి, అందులో మాట తప్పని తేలి నష్టపోతే పరిహారం అడగొచ్చు. ప్రాజెక్టు వద్దనుకుంటే కట్టినదంతా వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చెయ్యకుండా ఖరీదులో 10 శాతం మించి తీసుకోకూడదు, అది 13వ సెక్షన్. కొనేటప్పుడు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మీరు వాడుకునే చోటు, అడగండి, మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ కాదు.

మువ్వలవానిపాలెం
ప్రతి చిన్న బిల్డర్‌కీ ఇది వర్తిస్తుందా?

చట్టం_చెప్పేది
స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మిగతావాటికి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు, ప్రకటన మీద రెరా వెబ్‌సైట్ అడ్రసు ఉండాలి. హోర్డింగ్ మీద రెరా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా?

కొమ్మాది_కాఫీ
ఉంది, కుడి మూల కింద, చాలా చిన్నగా. సైట్లో వెతికితే ప్లాన్ దొరికింది. ఆ బాల్కనీలు వాయవ్యం వైపు ఉన్నాయి.

రుషికొండ_గాలి
అయితే ఆ బాల్కనీలోంచి సూర్యాస్తమయం నిజంగానే కనిపిస్తుంది, సముద్రమే కనిపించదు.

కొమ్మాది_కాఫీ
మెయిల్ పంపాను. టోకెన్ ఆపేశాం, ఇంట్లో ఇప్పుడు వాళ్లే టైల్స్ లెక్కపెడుతున్నారు.

గాజువాక_ఫ్లెక్స్
ఫ్లెక్స్ నెలకోసారి మార్చేస్తారు, ఆ తర్వాత సాక్ష్యం ఉండదు. ఈ రోజే వెళ్లి రెండు ఫొటోలు తీసుకోండి: ఒకటి మొత్తం హోర్డింగ్ చుట్టుపక్కల షాపుల బోర్డులతో సహా పడేలా, ఇంకోటి జూమ్ చేసి కుడి మూల నంబరు, ఆ ఇంగ్లిష్ గమనిక చదవడానికి వీలుగా. ఫోన్లో తేదీ, లొకేషన్ ఆన్ చేసి తియ్యండి, వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు పోతాయి కాబట్టి అసలు ఫైలు దాచుకోండి.